ఈశాన్యం మూలన రెండు గీతలు

కొత్త గోనెసంచికి ఒక వాసన ఉంటుంది. జనుము వాసన సగం, ఆ నారకు పట్టించే నూనె వాసన సగం. ఇవాళ పొద్దున మా షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగి, మిషన్ల పరీక్ష కోసం తెప్పించిన ఖాళీ సంచుల కట్టను దించగానే ఆ వాసన లోపలిదాకా వచ్చేసింది. రాస్తున్న పని పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. నాకు తలనొప్పి అనుకుని మావాళ్ళు చాయ్ తెచ్చిపెట్టారు. తలనొప్పీ లేదు, పాడూ లేదు. సులోచన మేడం గుర్తొచ్చారు, అంతే.

కామారెడ్డిలో హైవే పక్కనున్న ఈ రేకుల షెడ్డులో మేం చేసేది ఒకటే పని. రైస్ మిల్లుల్లో హమాలీ పక్కన నిలబడి, బస్తా బరువు తాను మోస్తూ, ఎటు పోవాలో ఆ మనిషి చెయ్యి చెప్పినట్టు వినే ఇనుప చేతిని తయారుచేస్తాం. ఇనుమైనా మోటార్లైనా బజారులో దొరుకుతాయి. కానీ ఆ చెయ్యి ఎక్కడుందో, ఎటు కదులుతోందో, ఎంత బలం ఎక్కడ పెడుతోందో దానికి తెలియజెప్పే సాఫ్ట్‌వేర్ మాత్రం మేమే రాసుకోవాలి. ఆ విద్య నాకు నేర్పింది సులోచన మేడం. ఈ షెడ్డు పెట్టింది కూడా ఆమే. ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, పెద్ద ఊళ్ళల్లో మోటార్ల కంపెనీల్లో చాలా ఏళ్ళు పనిచేసి, నడివయసులో వెనక్కి వచ్చారు. ఎందుకొచ్చారని ఎవరైనా అడిగితే "బస్తాలు ఈడున్నయి గద" అనేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గట్టిది. నేత చీర కింద, వేళ్ళ దగ్గర ఇనుప తొడుగున్న బూట్లు వేసుకునేవారు. ఆ చీరకూ ఆ బూట్లకూ ఎన్నడూ పొత్తు కుదరలేదు, ఆమె పట్టించుకోనూ లేదు. తన చాయ్ ఫ్లాస్కును ఎవరైనా ముట్టుకుంటే ఆ పూటంతా మాట్లాడేవారు కాదు. మెచ్చుకోవడంలో పరమ పిసినారి. ఎంత కష్టపడి చేసినా "పర్వాలేదు" అన్న మాటను మించి ఒక్క అక్షరం రాలేది కాదు.

నాది లింగంపేట. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను ఇంజినీరింగ్ చదివించింది. చేతిలో పట్టా ఉంది గాని, దానితో ఏం చేయాలో తెలియని రోజుల్లో ఈ షెడ్డుకు వచ్చాను. పెద్ద పెద్ద ప్రశ్నలు అడుగుతారని ముందురోజంతా పాత పుస్తకాలు తిరగేశాను. ఆమె నన్ను బల్లకు అవతల కూర్చోబెట్టి, మధ్యలో ఉన్న చాయ్ గ్లాసు చూపించారు.

"గ్లాసు ఏడున్నది?"

"ఎడమ పక్కన ఉంది మేడం."

"ఎవరికి ఎడమ?"

"నాకు."

"నాకైతే కుడి పక్కనున్నది. మరి గ్లాసు గిట్ల కదిలిందా?"

నేను గ్లాసువైపు చూశాను, అది నావైపు చూసింది. కదల్లేదు మేడం అన్నాను. "మరి నువ్వు సగమే చెప్పినవు. ఏదైనా ఏడున్నదో చెప్పాలంటే ఏడికెల్లి చూస్తున్నవో చెప్పాలె, ఎవరి దిక్కులల్ల చెప్తున్నవో చెప్పాలె. గీ మాట యాదుంచుకుంటే ఉద్యోగం నీది, మరిస్తే నీ ఊరి బస్సు నీది" అన్నారు. నేననుకున్నదానికంటే చిన్న ప్రశ్న వేసి పెద్ద ఉద్యోగం ఇచ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొదట్లో నాకు ఆమె పద్ధతి అంటే ఒళ్ళు మండేది. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న అంకెకు పేరు పెట్టాలంటే ఆమె లెక్కలో మూడు సంగతులు అందులో ఉండాలి. ఇది దేని స్థానం, దేని నుంచి కొలిచింది, ఏ దిక్కుల లెక్కలో రాసింది. నేను పొట్టిగా ఒక అక్షరం పెట్టి ఊరుకుంటే వెనకాల వచ్చి నిలబడేవారు. "గీ అంకెకు ఇంటిపేరు లేదా? ఏ ఇంటిదో తెల్వని పిల్లను ఎవరింటికి పంపుతవు?" అని తుడిపించేవారు. పేర్లు బారెడు పొడుగయ్యేవి. ఒకరోజు విసుగొచ్చి, "ఇదంతా చాదస్తం మేడం, ఎడమంటే ఎడమే గదా" అనేశాను. ఆమె కోప్పడలేదు. వాళ్ళ బాపు నాగలి సంగతి చెప్పారు.

"మా బాపు అరక కట్టేటప్పుడు ఒకటి దాపటెద్దు, ఒకటి ఎలపటెద్దు. దాపటిది ఎడమకు, ఎలపటిది కుడికి. నాగటి చాలు చివర మళ్ళినంక గా ఎద్దు దాపటిది కాకుండ పోతదా? పోదు. అది కాడితోని తిరిగే ఎడమ. మరి మా తూర్పు గట్టున్నది సూడు, అది ఎద్దులు మళ్ళినయని మళ్ళుతదా? రెండూ నిజమే. ఒకటి కాడితోని తిరిగే దిక్కు, ఒకటి భూమితోని ఉండే దిక్కు. మా బాపు రెండిట్ల ఏనాడు కల్పలే. నీ కంప్యూటర్ కల్పుతది, ఎందుకంటే దానికి పొలం లేదు."

మా సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ అని పిలుచుకునేది దీన్నే. ఇనుప చేతి మణికట్టుకు దాని ఎడమ కుడి దానికుంటాయి, మిల్లు నేలకు దాని తూర్పు పడమర దానికుంటాయి. ఒకదానిలో చెప్పిన మాటను ఇంకోదానిలోకి మార్చడమే మా పనిలో సగం. చదువుకున్న రోజుల్లో ఈ లెక్కలన్నీ చేశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ అవి దేని గురించో నాకు తెలిసింది ఆ దాపటెద్దుతోనే.

కదలిక గురించి చెప్పింది బస్సులో. మిల్లు పని మీద ఇద్దరం ఎల్లారెడ్డి పోతున్నాం. లింగంపేట దాటాక బస్సు కాస్త ఖాళీ అయింది. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వెనక సీట్ల వైపు నడుస్తున్నాడు. మేడం నన్ను మోచేత్తో పొడిచి, "గాయన ఎటు పోతున్నడు?" అని అడిగారు.

"వెనక్కి పోతున్నాడు."

"అగో, గా రోడ్డు పక్క బర్రెనడుగు. ముంగటికే పోతున్నడంటది."

కండక్టరు ఈ మాట విని, తనను బర్రెతో ఎందుకు కలిపారో తెలియక మా ఇద్దరినీ అదోలా చూశాడు. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, వేగానికి కూడా చూసేవాడు కావాలని, ఎవరు చూస్తుంటే అంత వేగమో చెప్పకుండా అంకె రాస్తే అది అబద్ధమూ కాదు నిజమూ కాదని, ఉత్త చప్పుడని చెప్పుకుపోయారు. తర్వాత నిద్రపోయి గురకపెట్టారు. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆమె తల నా భుజం మీదే ఉంది.

మేం పోతున్న మిల్లులో పోశెట్టి అనే హమాలీ ఉండేవాడు. మా మొదటి ఇనుప చెయ్యి ఆయన కోసమే తయారవుతోందని చెప్పినా తప్పులేదు. పడుచు వయసు నుంచీ అదే మిల్లులో బస్తాలు మోసిన మనిషి, నడుము దెబ్బతింది. బరువు ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బరువెత్తని హమాలీకి మిల్లులో ఏం పని ఉంటుంది? మిల్లు యజమాని సేటు చెడ్డవాడు కాదు. ఈ మిషన్ వస్తే దాని పక్కన నిలబడి బస్తాలు పేర్చే పని పోశెట్టికి ఇస్తానన్నాడు. రాకపోతే వచ్చే సీజన్‌కు ఇంటి దగ్గర ఉండమన్నాడు. పోశెట్టికి మిల్లు తప్ప ఇంకో లోకం తెలియదు. ఆయన మాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు గాని, మేం పోయినప్పుడల్లా తువ్వాలతో బల్ల తుడిచి, మేం ఏం కొలుస్తున్నామో పక్కన నిలబడి చూస్తూ ఉండేవాడు.

బలం గురించి మేడం ఆ మిల్లులోనే చెప్పారు. నా చేత ఒక బస్తా ఎత్తించారు. ఎత్తించారంటే, ఎత్తబోయి నేను దాని మీదే కూలబడ్డాను. హమాలీలంతా నవ్వారు. ఆమె నన్ను లేపి, కొన్ని బియ్యం మాత్రమే పోసిన ఇంకో సంచిని ఒంటికి ఆనించుకొని ఒకసారి, చేతులు చాపి దూరంగా పట్టుకొని ఒకసారి, ఒక మూల మాత్రం లేపి ఒకసారి చూడమన్నారు. ఒంటికి ఆనించుకున్నప్పుడు ఓర్చుకోగలిగిన బరువు, చేతులు చాపగానే నడుములో సూదిలా దిగింది. "బరువు మారిందా? మారలే. అది పట్టిన చోటు మారింది. బలం ఎంతని చెప్తే సరిపోదు పిల్లా, ఏ పాయింట్ల పడుతున్నదో చెప్పాలె. పోశెట్టన్న నడుమును తిన్నది బస్తా కాదు, బస్తాకు నడుముకు మధ్యలున్న దూరం" అన్నారు. పోశెట్టి ఆ మాట విని తన నడుము మీద చెయ్యి వేసుకున్నాడు.

మిషన్ సిద్ధమయింది. షెడ్డులో ఎన్నోసార్లు నడిపి చూసుకున్నాం. దాన్ని లారీలో ఎల్లారెడ్డి తీసుకుపోయి మిల్లు నేలకు బోల్టులు బిగించాం. మర్నాడు పొద్దున సేటు కొబ్బరికాయ, కర్పూరం, పూలు తెప్పించాడు. "ఏ పనైనా ఈశాన్యంల మొదలుపెట్టాలె మేడం. మీ కొలతలు కూడ ఆ మూలకెల్లే షురూ చెయ్యిండ్రి" అన్నాడు. మేడం నవ్వి, సున్నా ఏడ పెట్టినా లెక్కకు ఫరక్ రాదు సేటూ అన్నారు. అందులో తప్పేమీ లేదు. ఎక్కడి నుంచి కొలిచినా కొలత కొలతే.

సేటు హారతి పళ్ళెం పట్టుకుని ఈశాన్యం మూల నుంచి బయల్దేరాడు. ప్రదక్షిణం గదా, తూర్పు గోడ వెంట దక్షిణానికి నడిచి, అక్కడ పడమరకు తిరిగి, మిషన్ చుట్టూ కుడిచేతి వైపు దాన్ని ఉంచుకుని వచ్చాడు. ఆయన వెనక మిల్లు వాళ్ళు, వాళ్ళ వెనక బూట్లు విప్పి మేడం, ఆమె వెనక మేం. ప్రసాదం పంచాక ఆమె కుడిచేతిలో కొబ్బరి ముక్క పట్టుకుని, ఎడమచేత్తో సుద్దముక్క తీసుకుని ఈశాన్యం మూలన వంగారు. ఇప్పుడే నడిచొచ్చిన కాళ్ళు ఎటు చూపిస్తే అటే గీశారు. మొదటి గీత దక్షిణానికి, రెండో గీత పడమరకు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టి వినండి. మా లెక్కలో రెండు గీతలు ఇస్తే చాలు, మూడో దిక్కు, అంటే పైకి ఏది అన్నది, సాఫ్ట్‌వేర్ తానే తేల్చుకుంటుంది. దానికి కుడిచేతి సూత్రం ఒకటుంది. కుడిచేతి వేళ్ళను మొదటి గీత వెంట చాపి, రెండో గీత వైపు ముడిస్తే బొటనవేలు ఎటు చూపిస్తే అది పైదిక్కు. ఏ కొత్తచోట గీతలు గీసినా మేడం చెయ్యి చాపి బొటనవేలు చూసుకోకుండా ఉండేవారు కాదు. ఆ రోజు ఆ చేతిలో కొబ్బరి ముక్క ఉంది. ప్రసాదం కింద పెట్టకూడదు. షట్టర్ నుంచి పడుతున్న ఎండకు కంప్యూటర్ స్క్రీన్ మీద దిక్కులు చూపించే బొమ్మ కూడా ఎవరికీ ఆనలేదు. చుట్టూ అంతమంది నిలబడి ఎదురుచూస్తున్నారు. అట్లా ఆ పని దాటిపోయింది.

పోశెట్టి తలకు తువ్వాల చుట్టుకుని మిషన్ దగ్గరికి వచ్చాడు. మేడం ఆయన్ను ఆపారు.

"జరంత ఆగు పోశెట్టన్నా. రాసినోళ్ళు ముంగట నిలబడాలె. మోసేటోళ్ళు తర్వాత."

అది ఆమె పెట్టుకున్న కట్టుబాటు. మిషన్‌ను ఆపే ఎర్ర బటన్ నా చేతికిచ్చి, ఇనుప చేతి పిడి మీద తన కుడిచెయ్యి వేసి, దాన్ని కదలకుండా పట్టి ఉంచే బ్రేకులు వదలమన్నారు. వదిలాం. బరువు ఎటు లాగుతుందో గీతలను బట్టి తేల్చుకుని దానికి ఎదురు బలం పెట్టి నిలబడటం ఆ ఇనుప చేతి పని. మేం గీసిన గీతల ప్రకారం దానికి నేల ఆకాశమైంది. తాను పట్టుకున్న బస్తా కప్పు వైపు లేచిపోతోందనుకుని, దాన్ని ఆపడానికి ఉన్న బలమంతా కిందికి పెట్టింది. నేను బటన్ నొక్కేలోపు ఇనుప చెయ్యి కింద పేర్చిన బస్తాల మీదికి విరుచుకుపడింది. ఒక బస్తా పగిలి బియ్యం నేలంతా పారాయి. పిడికీ బస్తాకూ మధ్య మేడం మణికట్టు ఉంది.

ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. పోశెట్టి తన తువ్వాల విప్పి ఆ చేతికి చుట్టాడు. ఎవరో నీళ్ళు చల్లారు. ఆమెను ఒక బస్తా మీద కూర్చోబెట్టాం. మిల్లంతా ఒక్కసారి మాటలతో నిండిపోయింది. సేటు చెమట తుడుచుకుంటూ మేడం ముందుకొచ్చి, నిజంగా బాధతోనే అన్నాడు:

"దిష్టి తగిలింది మేడం. నిన్నటిసంది ఊరంత వచ్చి చూసిపోతున్నరు. ఏం కాదు, మీరు దవాఖానకు పోండ్రి. శనివారం గుమ్మడికాయ కొట్టి మళ్ళ షురూ చేద్దం."

అందరూ అవునంటే అవునన్నారు. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్కమాటతో ఎవరి మీదా తప్పు లేకుండా పోయింది. మిషన్ ఉంటుంది, పోశెట్టి పని ఉంటుంది, తప్పేదో తర్వాత మేం చూసుకుని గుట్టుగా సరిచేసుకోవచ్చు. ఆమె ఒక్కసారి తలూపితే చాలు. ఊపమని మనసులో మొక్కుకున్నాను.

ఆమె ఈశాన్యం మూల వైపు చూస్తున్నారు. "పిల్లా, నీ కుడిచెయ్యి చాపు. మొదటి గీత దిక్కు" అన్నారు. వేళ్ళను దక్షిణానికి చాపాను. "ఇగ రెండోదాని దిక్కు ముడువు." పడమరకు ముడిచాను. మిల్లులో అందరూ నా చేతినే చూస్తున్నారు. నా బొటనవేలు నేలను చూపించింది.

"దిష్టి కాదు సేటూ" అన్నారు మేడం. "గల్తి. గీతలు గీసింది నేను, ఉల్టా గీసిన. మిషన్ నేను చెప్పినట్టే చేసింది."

సేటు మొహం మారిపోయింది. దిష్టి అయితే ఆయన భరించగలడు. దానికి ఒక విరుగుడుంది. మనిషి చేసిన తప్పుకు గుమ్మడికాయ కొట్టలేడు. "గల్తి చేసేటోళ్ళ మిషన్ కింద నా హమాలీలను నిలబెట్టాల్నా? వద్దు మేడం. తీస్కపోండ్రి" అన్నాడు. పోశెట్టి నేల మీద పారిన బియ్యాన్ని చీపురుతో ఒక పక్కకు ఊడుస్తూ ఉండిపోయాడు.

కామారెడ్డి దవాఖానకు జీపులో పోతున్నంతసేపూ నేను లోపల ఉడికిపోయాను. చెయ్యి విరిగిన మనిషితో ఇప్పుడేం పోట్లాట అని కాసేపు ఊరుకున్నాను గాని, నా నోరు ఎప్పుడు ఊరుకుంది గనుక! "దిష్టి అంటే ఏం పోయేది మేడం? తప్పు మనకు తెలిసిపోయింది గదా, దిద్దుకునేవాళ్ళం. ఇప్పుడు పోశెట్టన్న నోటికాడి కూడు మీ నిజంతోనే పోయింది" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకునే జవాబిచ్చారు. "మనకు తెలుస్తది పిల్లా. ఆయనకు తెల్వది. కింద నిలబడేది ఆయన."

ఆ తర్వాత ఆమె ఏడ్చారు. నొప్పికా, పోశెట్టి కోసమా, ఇన్నేళ్ళ పని ఒక కొబ్బరి ముక్క దగ్గర తప్పిపోయినందుకా నేను అడగలేదు. గట్టిగా ఉండే మనుషులు ఏడిస్తే పక్కన ఉన్నవాళ్ళకు ఎటు చూడాలో తెలియదు. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఆ మరుసటి వారం పోశెట్టి బస్సెక్కి మా షెడ్డుకు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు. మేడం కట్టుకట్టిన చేత్తో బయటికి వచ్చారు.

"చెయ్యెట్లున్నది మేడం?"

"అతుకుతదన్నరు. నీ నడుమెట్లున్నది?"

"ఉన్నది" అన్నాడు. ఆ కట్టునే చూస్తూ, "గా రోజు జరిగిన గల్తి ఏందో నాకు జర చూపెడుతవా?" అన్నాడు.

మేడం ఎడమచేత్తో నేల మీద రెండు గీతలు గీశారు. వంకరగా వచ్చాయి. పోశెట్టి ఎదుట గొంతుక్కూర్చుని, ఆయన్ను కుడిచెయ్యి చాపి ముడవమన్నారు. మోటుగా ఉన్న ఆ బొటనవేలు నేలవైపు తిరిగింది. గీతలు మార్చి గీశారు. మళ్ళీ చేశాడు, ఈసారి బొటనవేలు రేకుల కప్పు వైపు తిరిగింది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"గింతేనా?"

"గింతే."

"మళ్ళ గిట్ల కాకుండ ఏం చేస్తవు?"

ఆమె చూపించారు. అప్పటికే మేం కొత్తగా ఒక పని చేర్చి ఉంచాం. బ్రేకులు వదిలే ముందు ఇనుప చెయ్యి తన సొంత బరువు ఎటు లాగుతోందో తానే తూచి చూసుకుంటుంది. గీతలు చెప్పేది ఒకటి, తనకు తెలిసేది ఇంకొకటి అయితే మొండికేసి కదలదు. కావాలని తప్పు గీతలు ఇచ్చి, అది కదలకుండా ఉండిపోవడం కూడా పోశెట్టికి చూపించాం. ఆయన చాలాసేపు చూశాడు. లేచి తువ్వాల దులుపుకున్నాడు.

"మేడం, నువ్వు గా రోజు దిష్టి అంటే నేను దాని కింద జన్మల చెయ్యి పెట్టకపోదును. దిష్టి మళ్ళ ఎప్పుడు తగుల్తదో ఎవలకెరుక? గల్తి ఏడున్నదో చెప్పినవు. ఇగ నిలబడ్త. సేటుకు నేను చెప్త."

ఏమని చెప్పాడో నాకు తెలియదు. సేటు మాత్రం ఫోన్ చేసి మిషన్ తెమ్మన్నాడు. ఈసారీ కొబ్బరికాయ కొట్టారు, ఈసారీ ప్రదక్షిణం చేశారు, మేడం వద్దనలేదు. ప్రసాదం అందరూ తినేదాకా ఆగి, సున్నాను అదే ఈశాన్యం మూలన పెట్టి, మొదటి గీత పడమరకు, రెండోది దక్షిణానికి గీయించారు. అప్పుడు మిల్లులో ఉన్నవాళ్ళంతా, సేటుతో సహా, కుడిచేతులు చాపి బొటనవేళ్ళు చూసుకున్నారు. అన్నీ కప్పునే చూపించాయి. బయటి నుంచి ఎవరైనా చూస్తే ఏదో కొత్త పూజ అనుకునేవారే.

కుడిచేతికి కట్టుంది కాబట్టి మేడం ఎడమచెయ్యి పిడి మీద వేసి ముందు నిలబడ్డారు. నేను ఎర్ర బటన్ మీద వేలు పెట్టి నిలబడ్డాను. ఇనుప చెయ్యి ఊరికే, తన మానాన తాను నిలబడింది. ఆమె వేలితో నెడితే అటు పోయింది, లాగితే ఇటు వచ్చింది. అప్పుడు పక్కకు జరిగి పోశెట్టికి చోటిచ్చారు. ఆయన పిడి పట్టుకుని బస్తాను లేపాడు. నడుము వంగలేదు. బస్తాను అటూ ఇటూ తిప్పి, మళ్ళీ తిప్పి, నమ్మకం కుదరక దాని కింద ఒక చెయ్యి పెట్టి చూశాడు.

"బరువు ఏడ పోయింది మేడం?"

"ఏడికి పోలే పోశెట్టన్నా. గీ చెయ్యిలకెల్లి బోల్టులల్లకు, బోల్టులకెల్లి నేలల్లకు దిగింది. బరువు మాయం గాదు. మోసేటోడు మారుతడు."

ఆమె మణికట్టు పూర్తిగా తిరగలేదు. తాళం తిప్పాలన్నా ఎడమచెయ్యే వాడేవారు. దాని గురించి ఎవరైనా జాలిపడితే విసుక్కునేవారు. తర్వాత కొన్నేళ్ళు కలిసి చాలా మిల్లులు తిరిగాం. నాకు "పర్వాలేదు" మరికొన్నిసార్లు దక్కింది. ఆమెకు జబ్బు చేసినప్పుడు షెడ్డు నా చేతిలో పెట్టారు. ఇంకేమీ చెప్పలేదు, ఫ్లాస్కు మాత్రం ఇంటికి పట్టుకుపోయారు.

ఆమె పోయి ఏడాది దాటింది. సొంత ఊళ్ళోనే దహనం చేశారు. పాడె లేపే వేళకు పోశెట్టి జనంలోంచి ముందుకొచ్చి భుజం పెట్టబోయాడు. ఆమె తమ్ముడు ఆయన్ను గుర్తుపట్టి, "అన్నా, నీ నడుము మంచిగ లేదు, నువ్వు వద్దు" అని చెయ్యి పట్టుకున్నాడు. పోశెట్టి ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది నా బరువు ఆమెనే మోసింది. జరంత దూరం నన్ను మొయ్యనియ్యిండ్రి."

ఆయన నడుము నిటారుగా పెట్టి నడిచాడు. ఆడవాళ్ళం వీధి చివర ఆగిపోయాం. నేను గట్టిగా ఏడ్చాను, ఆపుకోవాలనిపించలేదు.

నా వంతుకు వచ్చిన బరువు వేరే. కొత్త మిల్లులో మిషన్ బిగించి, గీతలు గీసి, లెక్కలన్నీ సరిచూసుకున్నాక, ఎదురుచూస్తున్న హమాలీని జరంత పక్కకు జరగమంటాను. పిడి మీద నా కుడిచెయ్యి వేసి బ్రేకులు వదలమంటాను. ఎన్ని మిల్లులు తిరిగినా ఆ క్షణాన నాకు భయమేస్తుంది. ఆ భయం పోవాలని నేనెన్నడూ కోరుకోలేదు. నేను దాన్ని వదిలేస్తే అది నా వెనక నిలబడ్డ మనిషి మీదికి దిగుతుంది.